లామెద్ దగ్గర ఆగిన చదువు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా అలైడా ప్రార్థన మందిరం వెనక గది తాళం తీసేది. హీటర్ వేసి, తడిసిన గొడుగు మూలకి ఆనించి, పొట్టి బెంచీలు రెండూ బల్ల దగ్గరకి జరిపేది. పదింటికి పిల్లలు సైకిళ్లు గోడకి చేరవేసి వాన కోట్లు దులుపుకుంటూ వచ్చేవాళ్లు. ఆరుగురే. ఐసెల్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న డచ్చి పట్నంలో యూదు కుటుంబాలన్నీ కలిపి ముప్పై దాటవు కాబట్టి ఆరుగురంటే తక్కువేమీ కాదు. పన్నెండింటిదాకా హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండగల కథలు, మధ్యలో తలా ఒక వెన్న కేకు ముక్క.

పిల్లల వెనక, తలుపు పక్కన, ఏడో మనిషి ఒకాయన కూర్చునేవాడు. పేరు హార్టోగ్ జెండైక్. అరవై ఏడేళ్లు. పశువుల వ్యాపారం చేసి మానేశాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ సంఘానికి పెద్ద. మనవరాలు తిర్సాని సైకిలు మీద కాకుండా తన కారులో తనే దింపి, చదువు అయ్యేదాకా కోటు విప్పకుండా, టోపీ తీయకుండా కూర్చునేవాడు. చేతిలో పేపరు ఉండేది కానీ చదివేవాడు కాదు. అలైడా ఏం చెబుతోందో వినేవాడు.

వినడమే కాదు, మధ్యలో అడ్డుపడేవాడు కూడా.

అందుకు కారణం లేకపోలేదు. అలైడా పుట్టుకతో యూదురాలు కాదు. పాతిక కిలోమీటర్ల అవతల పల్లెలో పాడి రైతు కూతురు. వాళ్లది పూటకో కీర్తన పాడుకునే గట్టి క్రైస్తవ కుటుంబం. పట్నంలో లైబ్రరీ ఉద్యోగానికి వచ్చి, ఏళ్ల తరబడి ఆ మందిరానికి వెళ్లివచ్చి, చివరికి ముప్పై ఒకటో ఏట యూదు మతం పుచ్చుకుంది. పెళ్లి కోసం కాదు, ఎవరో పిలిస్తేనూ కాదు. ఎందుకని అడిగితే తనకే సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. హీబ్రూ మాత్రం రెండేళ్లలో ఆకలిగొన్నదానిలా నేర్చేసుకుంది. పిల్లలకి చదువు చెప్పే ముసలావిడ చనిపోయినప్పుడు సంఘం అలైడాని అడిగింది. ఆ సమావేశంలో అందరూ చేతులెత్తారు, జెండైక్ ఒక్కడూ ఎత్తలేదు. కాఫీ కప్పు కింద పెట్టి ఆమె మొహం మీదే అన్నాడు.

"నీ మీద నాకు కోపమేం లేదమ్మాయ్. కానీ ఇది పుస్తకంలో చూసి నేర్చుకునే విద్య కాదు. అమ్మమ్మ ఒళ్లో కూర్చుని వినాల్సింది. నువ్వు వినలేదు, ఎలా చెప్తావు?"

ఆ మాట నాలుగేళ్లుగా అలైడా లోపల ముల్లులా దిగబడే ఉంది.

ఆ శరదృతువులో తిర్సాకి పదకొండు నిండి నెలలైంది. మే నెలలో పన్నెండు నిండుతాయి. ఆడపిల్లలు ఆ వయసుకీ, మగపిల్లలు పదమూడుకీ అందరి ముందు నిలబడి తోరా చుట్టలోంచి, అంటే పవిత్ర గ్రంథంలోంచి, చదవడం ఆచారం. అలైడా ఆమెకి చదవాల్సిన భాగం విడిగా రాసిచ్చి, ఇంటి దగ్గర తాతయ్యతో కలిసి రోజూ నాలుగు వరసలు చదువుకోమంది. తల్లి ఆసుపత్రిలో నర్సు, తండ్రి వేరే ఊళ్లో ఉంటాడు. బడి అయ్యాక తిర్సా ఉండేది తాతయ్య ఇంట్లోనే. మూడు వారాలు గడిచినా ఆ పిల్ల మొదటి వరస దాటలేదు.

"తాతయ్యకి ఖాళీ ఉండదు టీచర్," అంది తిర్సా బల్ల గీకుతూ. "ఒకరోజు కళ్లు మండుతున్నాయంటాడు, ఒకరోజు దొడ్లో పనుందంటాడు. మా దొడ్లో ఏముంది, ఒక పియర్ చెట్టు."

తన మీద కక్షకొద్దీ ముసలాయన పిల్ల చదువు పాడుచేస్తున్నాడనుకుంది అలైడా.

అసలు సంగతి అక్టోబరులో తెలిసింది, అదీ ఆమె వెతక్కుండానే. శనివారం ప్రార్థనకి ఆరోజు ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోటు నిండిపోవడంతో జెండైక్ వెనక వరసలో నిలబడింది. అందరూ ఎవరి మటుకు వాళ్లు పెదవులు కదుపుతూ చదువుకునే ఘట్టం అది. గది నిండా సన్నటి గొణుగుడు. జెండైక్ కూడా పుస్తకం ముందు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ గొణుగుతున్నాడు. అలైడా చెవికి ఆ గొణుగుడు ఎందుకో చాలా తెలిసినట్టు అనిపించింది. ఒక్క క్షణం చెవులు రిక్కించింది.

అది హీబ్రూ కాదు, డచ్చి. దావీదు కీర్తన ఒకటి, అంత్యప్రాసలు కట్టిన పాత పాటగా, పల్లె చర్చిల్లో ఈడ్చి ఈడ్చి పాడే బాణీలో. భోజనం అయ్యాక ఆమె తండ్రి మోచేతులు బల్లకి ఆనించి పాడేది అదే. ప్రతి మాటా ఆమెకి కంఠతా వచ్చు. ఆ మందిరంలో ఉన్నవాళ్లలో దాన్ని పోల్చుకోగలిగింది తనొక్కతే. ముసలాయన ముందున్న పుస్తకం వైపు చూసింది. మిగతా అందరూ ఉన్న చోటుకి అది పది పేజీలు వెనక ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ల సంఘం పెద్దకి హీబ్రూ చదవడం రాదు.

ఆరోజు ఇంటికి నడిచి వెళ్తూ, ఈ మాట ఎవరికీ చెప్పకూడదని అలైడా గట్టిగా అనుకుంది. అనుకున్నందుకు తన మంచితనం మీద తనకే కాస్త ముచ్చటేసింది కూడా. ఆ మంచితనం సరిగ్గా అయిదు వారాలు నిలిచింది.

నవంబరు చివర్లో సంఘం నుంచి ఆమెకి ఉత్తరం వచ్చింది. తిర్సా చదువు వెనకబడుతున్న దృష్ట్యా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నెలకి రెండుసార్లు పెద్ద చదువు చదివిన గురువుని రప్పించాలని సంఘం పెద్ద ప్రతిపాదించారనీ, కొత్త సంవత్సరంలో ఆ విషయం తేలుస్తామనీ అందులో ఉంది. కింద హార్టోగ్ జెండైక్ సంతకం. అలైడా ఆ ఉత్తరాన్ని నాలుగుగా మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఆదివారం పాఠం చెప్పేటప్పుడు కూడా అది జేబులోనే ఉంది.

ఆరోజు తిర్సా తన భాగంలో రెండో వరస చదువుతోంది. అలైడా ఒక మాట సరిదిద్దింది. వెనకనుంచి జెండైక్ గొంతు వచ్చింది.

"ఆ పలకడం ఏంటమ్మాయ్, రేడియోలో వార్తలు చదివినట్టు? మన ఊళ్లో ఆ మాట అలా అనరు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అలైడా పుస్తకం తీసుకుని ఆయన దగ్గరకి నడిచింది. తనేం చేయబోతోందో ఆమెకి పూర్తిగా తెలుసు.

"అయితే మీరే ఒక్క వరస చదివి వినిపించండి జెండైక్ గారూ. మన ఊరి పలుకు పిల్లలు కూడా వింటారు."

ఆయన పుస్తకం అందుకున్నాడు. కుడివైపు అంచున వేలు పెట్టాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. పెదవులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. వేలు కదల్లేదు.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు చివరికి.

ఆరేళ్ల సిమోన్, అందరికంటే చిన్నవాడు, సాయం చేద్దామనుకున్నాడు. "మీ ముక్కు మీదే ఉంది తాతా."

ఎవరూ నవ్వలేదు. జెండైక్ పుస్తకం మూసి కుర్చీ మీద పెట్టి, టోపీ సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే కారు పక్కన వానలో నిలబడి ఉన్నాడు, తలుపు తీయకుండా. తిర్సా తాతయ్య వైపూ టీచరు వైపూ మార్చి మార్చి చూసి, తన కాగితాలు తీసుకుని బయటికి నడిచింది.

మూడు వారాల కిందటే అలైడా ఆ పిల్లలకి ఒక పాఠం చెప్పింది. నలుగురిలో ఒక మనిషి మొహం తెల్లబోయేలా చేయడం రక్తం చిందించడంతో సమానమని పాత గురువులు అన్నారని, మొహంలోంచి నెత్తురు దిగిపోవడం మనమే కళ్లారా చూస్తాం కదా అని. పిల్లలు దాన్ని నోటు పుస్తకాల్లో రాసుకున్నారు కూడా. మిగిలిన గంటసేపు ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

తర్వాతి ఆదివారం తాతా మనవరాలూ రాలేదు. సోమవారం లైబ్రరీ నుంచి మధ్యాహ్నమే సెలవు పెట్టి అలైడా ఆయన ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన జెండైక్ ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు, రమ్మనీ అనలేదు. తలుపు తెరిచి ఉంచి వంటింట్లోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

క్షమాపణ చెప్పింది. తెలియక అడగలేదనీ, తెలిసే అడిగాననీ, అదే తన తప్పనీ చెప్పింది.

ఆయన కాఫీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"అక్టోబరు నుంచి. మీ వెనక నిలబడ్డాను. మీరు పాడుకునేది వినిపించింది."

"వినిపిస్తే ఏం? ఎవరికి తెలుస్తుందది?"

అలైడా ఆ కీర్తనలో తర్వాతి చరణం నెమ్మదిగా అంది. పాడలేదు, ఊరికే మాటలు అప్పజెప్పింది. మూడో వరసకి జెండైక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"ఫ్రౌకె పెద్దమ్మ," అన్నాడు. "ఆవిడ పేరు. యుద్ధం రోజుల్లో బంగాళాదుంపల గోదాం మీద అటకలో దాచింది నన్ను. రెండేళ్ల ఎనిమిది నెలలు. మూడు పూటలా బల్ల దగ్గర కీర్తన పాడాలి. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ల మేనల్లుణ్ననాలి కదా, మేనల్లుడికి కీర్తనలు రాకపోతే ఎలా?"

ఆ తర్వాత ఆగకుండా చెప్పాడు, అరవై ఏళ్లలో భార్యకి తప్ప ఎవరికీ చెప్పనిది. మందిరం వెనక గదిలోనే, అలైడా ఇప్పుడు చదువు చెప్పే ఆ గదిలోనే, ఆరేళ్లప్పుడు తనని కూర్చోబెట్టారట. కాట్స్ మాస్టారని ఒకాయన, పొడుగ్గా, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. మొదటిరోజు పలక మీద అక్షరం రాసి, తేనె చుక్క వేసి నాకించాడు. వారానికో అక్షరం. పదకొండు మంది పిల్లలు. పన్నెండో అక్షరం లామెద్ దిద్దుతున్న వారంలో ఓ పొద్దున వెళ్తే గది తాళం వేసి ఉంది. మాస్టారినీ ఆయన కుటుంబాన్నీ తెల్లవారుజామున జర్మన్ సైనికులు తీసుకుపోయారు. పది రోజుల తర్వాత నాన్న తనని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఒక రైతుకి అప్పజెప్పి వెనక్కి వెళ్లాడు. మళ్లీ కనపడలేదు.

"తొమ్మిదేళ్ల వయసులో తిరిగొచ్చాను. మా చిన్నాన్న ఒక్కడే మిగిలాడు. పదమూడు నిండినప్పుడు ఏం చదవాలో ఆయనే నోటితో చెప్పి బట్టీ పట్టించాడు, అప్పజెప్పేశాను. అందరూ ఏడ్చారు. ఒక్క పిల్లాడైనా మిగిలాడని. అలా ఏడుస్తున్నవాళ్ల ముందు నాకు చదవడం రాదని ఎలా చెప్పను?"

యుద్ధం అయ్యేసరికి మందిరం ఎరువుల గోదాంలా ఉందట. ఏ వస్తువు ఎక్కడుండేదో గుర్తున్నది ఆ పిల్లాడికే. అలా ఒక్కొక్కటిగా మందిరం పనులన్నీ, చివరికి పెద్దరికమూ ఆయన చేతికొచ్చాయి. సంఘం పెద్దని నీకు చదవడం వచ్చా అని ఎవరూ అడగరు. భార్య సెలీనాకి తెలుసు. బతికున్నంతకాలం ఆవిడే పక్క వరసలోంచి వేళ్లతో పేజీ నంబరు చూపించేది. ఆవిడ పోయి ఆరేళ్లు. అప్పట్నుంచి పేజీ కూడా దొరకడం లేదు.

"అక్షరాలు తెలియవని కాదు. కూడబలుక్కుంటే రెండు మాటలొస్తాయి. ఈలోపు అందరూ పేజీ తిప్పేస్తారు." గిన్నె బల్ల మీద పెట్టాడు. "నువ్వేమో ముప్పై దాటాక మొదలుపెట్టి రెండేళ్లలో గడగడా చదివేశావు. పాడి రైతు కూతురివి. నిన్ను చూస్తే నాకెలా ఉండేదో తెలుసా? నా ఇంటి తాళంచెవి నీ చేతిలో ఉన్నట్టుండేది."

కావాలంటే రోజూ సాయంత్రం తను ఇక్కడికే వస్తాననీ, ఎవరికీ తెలియనవసరం లేదనీ అంది అలైడా.

జెండైక్ తల అడ్డంగా ఊపాడు. ఇంకా దాచుకునే ఓపిక తనకి లేదన్నాడు. తిర్సా ఆ రోజు నుంచీ తనతో మాట్లాడటం లేదట. ఆదివారం వస్తానన్నాడు.

వచ్చాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. నాలుగేళ్లలో ఆయన కోటు విప్పడం పిల్లలు చూడటం అదే మొదటిసారి. తలుపు పక్క కుర్చీ వైపు వెళ్లకుండా బల్ల ముందు నిలబడి, ఎక్కువ మాటలు లేకుండా చెప్పాడు. పోయినసారి కళ్లజోడు సంగతి అబద్ధమని. తనకి చదవడం రాదని. ఎందుకు రాదో చెబుతూ, పొట్టి బెంచీల వైపు చెయ్యి చూపించి, అప్పుడు ఎవరెక్కడ కూర్చునేవారో వరసగా పేర్లు చెప్పాడు.

"ఇక్కడ కిటికీ దగ్గర బెచ్చె. పక్కన వాళ్ల తమ్ముడు, ఊరి అని పేరు. వాడికి నత్తి. ఈ చివర కవల పిల్లలు, సారా, సెల్మా. నేను వాళ్ల వెనక. నా పక్కన ఇజాక్, నా పెన్సిలు ఎప్పుడూ వాడి దగ్గరే ఉండేది."

పది పేర్లూ చెప్పాడు. ఎవరినీ మర్చిపోలేదు. వాళ్లేమయ్యారని పిల్లలు అడగలేదు. ఆ ఊరి యూదు పిల్లలకి అది అడగక్కర్లేకుండానే తెలుసు. సిమోన్ మాత్రం తను కూర్చున్న చోటు ఒకసారి కిందికి చూసుకుని, ఊరి అనే అబ్బాయి కూర్చున్నది ఇక్కడేనా అని అడిగాడు. అవునన్నాడు జెండైక్. వాడు కొంచెం పక్కకి జరిగి కూర్చున్నాడు.

తిర్సా ఇంతసేపూ బల్ల వైపే చూస్తోంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది. "నేను రోజూ అడిగాను. నేనంటే విసుగనుకున్నాను."

"సిగ్గేసిందమ్మా."

"నాకు మొదటి వరస రాకపోతే నాకూ సిగ్గేసింది. అయినా అందరి ముందూ చదివాను కదా."

ఆ పిల్ల కోపం ఆరోజు తగ్గలేదు. కానీ కాసేపటికి, ఆయన ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాడని గమనించి, బెంచీ మీద తన పక్కనున్న సంచీ తీసి కింద పెట్టింది. ఆయన మోకాళ్లు బల్లకి తగులుతూ ఆ చోట్లో ఇరుక్కుని కూర్చున్నాడు. అలైడా బోర్డు మీద లామెద్ రాసింది. అక్షరం వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ రాసింది.

ఆ చలికాలమంతా జెండైక్ చదివాడు. ముసలి నాలిక, ముసలి కళ్లు. ఒకేలా కనిపించే అక్షరాలు కలిసిపోయేవి. ఈ వారం వచ్చింది పై వారానికి పోయేది. రెండుసార్లు ఇంక నావల్ల కాదని ఇంట్లో కూర్చుండిపోయాడు. రెండోసారి సిమోన్ వాళ్లమ్మ చేత ఫోను చేయించి, తనకీ ఆ అక్షరం రాదనీ, ఇద్దరూ కలిసి నేర్చుకుందామనీ చెప్పాడు. ఇంటి దగ్గర తిర్సాయే ఆయనకి గురువు. చదువు చెప్పడం కోసం తను ముందు నేర్చుకోవాల్సి వచ్చి, ఫిబ్రవరికల్లా తన భాగం సగం దాటేసింది. ఆమ్‌స్టర్‌డామ్ గురువు ప్రతిపాదన జనవరి సమావేశంలో జెండైక్ తనే ఉపసంహరించుకున్నాడు. పలకడం గురించి మాత్రం అలైడాతో వాదన మానలేదు. ఆమె ఒకలా పలికితే ఆయన కాట్స్ మాస్టారిలా పలికేవాడు. కొన్నాళ్లకి అలైడా పిల్లలకి రెండు రకాలూ నేర్పడం మొదలుపెట్టింది.

మార్చిలో ఒకరోజు ఆమె ఆయన ముందు పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించి, ఏం చెప్పకుండా చదవమంది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నాలుగో వరసదాకా వెళ్లాక జెండైక్ ఆగి, అరచెయ్యి ఆ పేజీ మీద పరిచాడు. అటక మీద తను పాడుకున్నదే అది. ఫ్రౌకె పెద్దమ్మ బల్ల దగ్గర పాడిందీ తన తండ్రి ఈ మందిరంలో చదివిందీ ఒక్కటేనని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

మే నెలలో తిర్సా తోరా చదివిన శనివారం మందిరం నిండిపోయింది. ఆ పిల్ల చదవడానికి ముందు తాతయ్యని పీఠం దగ్గరికి పిలిచారు. ఆశీర్వచనం ఆయనకి యాభై ఏళ్లుగా కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని అప్పజెప్పేయొచ్చు. ఆయన అలా చేయలేదు. కాగితం తెచ్చుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో మాట చూపించుకుంటూ చదివాడు. మధ్యలో ఆగాడు. ముందు వరసలోంచి ఎవరో సాయంగా తర్వాతి మాట అందించబోతే చెయ్యెత్తి వారించాడు. ఆ మాట తనే పట్టుకునేదాకా అందరూ ఎదురుచూశారు. చదవడం పూర్తయ్యాక జనం వైపు తిరిగి, ఈ మందిరంలో తను మొదటిసారి చూసి చదివింది ఈరోజేనని చెప్పాడు. ఇంకేమీ వివరించలేదు. తిర్సా తన భాగం ఒక్క తప్పుతో చదివింది. ఆ తప్పు దగ్గర అలైడా పెదవి కదిపితే, ఆ పిల్ల కూడా తాతయ్యలాగే చెయ్యెత్తింది.

అందరికీ ఇది నచ్చలేదు. ఇన్నేళ్లూ మనల్ని మోసం చేశాడని ఇద్దరు పెద్దవాళ్లు బాహాటంగానే అన్నారు. జెండైక్ వాళ్లతో వాదించలేదు. జూన్‌లో పెద్దరికం వదిలేసి, మందిరం తాళాలు వాళ్లలో ఒకరికే అప్పగించాడు. ఆదివారాలు మాత్రం రావడం మానలేదు. తిర్సా పెద్ద పిల్లల తరగతికి మారిపోయాక కూడా సిమోన్ పక్కన ఆయన చోటు అలాగే ఉంది.

సెప్టెంబరులో బడి మళ్లీ తెరిచిన మొదటి ఆదివారం, పిల్లలు వెళ్లిపోయాక బల్ల తుడుస్తున్న అలైడాకి గుమ్మంలో ఒకావిడ కనిపించింది. అందరికీ తెలిసిన మందుల షాపు ఆవిడ, అరవై దాటిన మనిషి, ప్రతి శనివారం ముందు వరసలో కూర్చునే ఆవిడ. చేతి సంచీ గుండెకి అదుముకుని, తనకీ చదవడం రాదని, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యం కాదా అని అడిగింది. ఆ నెలాఖరుకి ఇంకో ఇద్దరు వచ్చారు. అక్టోబరు సమావేశంలో అలైడా లేచి నిలబడి, వెనక గదికి పెద్దవాళ్లు కూర్చునే కుర్చీలు నాలుగు కావాలని అడిగింది. అందరికంటే ముందు చెయ్యెత్తింది జెండైక్.